హెల్పర్ అని రాసింది నేనే

రైళ్ళలో ఏసీ పెట్టెల్లో ప్రయాణికులకిచ్చే దుప్పట్లూ గలీబులూ తువ్వాళ్ళూ ఉతికే లాండ్రీలో నేను ఆఫీసు పని చేస్తాను. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ స్టేషన్ దాటి కొంత దూరం వెళ్తే వచ్చే పెద్ద రేకుల షెడ్డు అది. పని రైల్వేది, మేం మాత్రం రైల్వే మనుషులం కాము, కాంట్రాక్టరు మనుషులం. లోకో షెడ్డులో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసిన మా నాన్నకి ఈ తేడా చివరిదాకా ఎక్కలేదు. ఎవరడిగినా "మా అమ్మాయిది కూడా రైల్వేలోనే డ్యూటీ" అనేవాడు. నేనూ దిద్దేదాన్ని కాదు.

చేరేటప్పుడు మేనేజరు అడిగిన మొదటి ప్రశ్న నా చదువు గురించి కాదు. "మీ ఆయన ఏం చేస్తారు?" అన్నాడు. బొగ్గు లారీ నడుపుతారని చెప్పాను. "అచ్ఛా, అయితే ఇల్లు నడుస్తోంది. ఇది మీకు పైఖర్చులకి పనికొస్తుంది," అని జీతం చెప్పాడు. నేను బీకాం చదివాను, అంతకుముందు రెండు చోట్ల ఇదే పని చేశాను. అవేవీ ఆ మాటలోకి రాలేదు. సరేనని తలూపాను.

వారం తిరక్కుండానే బీరువాలో పాత కాగితాలు సర్దుతుంటే, నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన జీతం చీటీలు కనిపించాయి. నాకంటే నెలకి మూడు వేలు ఎక్కువ. ఆయన చేసిన పనే నేను చేస్తున్నాను, ఆయన సంతకం పెట్టిన చోటే నేను పెడుతున్నాను. చీటీలు మళ్ళీ లోపల పెట్టి బీరువా తలుపేశాను. ఏడాది నిండాక అడుగుదామనుకున్నాను. ఏడాది నిండాక, దీపావళి పోనిమ్మనుకున్నాను. ఈలోగా కోర్బా రోడ్డులో మా ఆయన లారీ బోల్తా పడింది. కాల్లో రాడ్లు వేసి నిలబెట్టారు గాని, మళ్ళీ స్టీరింగు పట్టలేకపోయాడు. పైఖర్చులకని ఇచ్చిన జీతంతోనే ఇల్లంతా నడపాల్సి వచ్చింది. కనీసం అప్పుడైనా అడగాల్సింది. కానీ అప్పుడు, ఉన్నది కూడా పోతుందేమోనన్న భయం ఎక్కువైంది. అలా ఆరేళ్ళు వెళ్ళిపోయాయి.

ఇది నా సంగతి. దీన్ని నేను ఎవరికీ చెప్పుకోలేదు, మా ఆయనకి కూడా. మా షెడ్డులో పనిచేసే రోలర్ దీదీ లేకపోతే ఇప్పుడూ చెప్పేదాన్ని కాదేమో.

మా షెడ్డులో అప్పట్లో పద్నాలుగు మంది ఆడవాళ్ళు, తొమ్మిది మంది మగవాళ్ళు. రైళ్ళ నుంచి వచ్చిన మాసిన మూటలు విప్పి వేరుచేసేది ఆడవాళ్ళు. పాన్ మరకలు, కూర మరకలు, తలనూనె వాసన, ఒక్కోసారి చిన్నపిల్లల వాంతులు. ముక్కుకి చున్నీ కట్టుకుని చేస్తారు. ఉతికే మిషన్లూ, బాయిలరూ, ఆరబెట్టే మిషన్లూ మగవాళ్ళవి. ఇస్త్రీ చేసే పెద్ద రోలర్ మిషను కూడా మగవాళ్ళదే. తడి సగం ఆరిన దుప్పటిని ఇటువైపు నుంచి వేడి రోలర్ల మధ్యకి పంపిస్తే అటువైపు ఇస్త్రీ అయి వస్తుంది. అటువైపు నిలబడి దాన్ని అందుకుని, మడతపెట్టి, కాగితం సంచుల్లో పెట్టేది మళ్ళీ ఆడవాళ్ళే.

జీతాల షీటులో ఆడవాళ్ళ పేర్ల పక్కన 'హెల్పర్' అనీ, మగవాళ్ళ పేర్ల పక్కన 'ఆపరేటర్' అనీ ఉండేది. మూటల బండి తోసే ఒకాయన ఉండేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన ఏ మిషన్నీ ముట్టుకోడు. ఆయన కూడా ఆపరేటరే. ఆ రెండు మాటల మధ్య తేడా రోజుకి డెబ్బై రూపాయలు. నేను వచ్చేసరికే అలా ఉంది. నెల నెలా పాత షీటు చూసి కొత్త షీటు తయారుచేసేదాన్ని.

దీదీది లింగియాడీహ్. ఊరు పట్నంలో కలిసిపోయాక ఉన్న కాస్త పొలం అమ్ముకున్నారు. ఆ డబ్బు ఎటు పోయిందో తెలియకుండా పోయిందని ఒకసారి చెప్పింది. నలభై అయిదేళ్ళుంటాయి. పొడవైన మనిషి, మాట తక్కువ. అంకెలు గుర్తుపడుతుంది గాని అక్షరాలు రావు. నాలుగేళ్ళు రోలరుకి అటువైపు నిలబడి దుప్పట్లు అందుకుంది.

ఒక ఎండాకాలం రోలర్ నడిపే మనిషి రాయ్‌పూర్‌లో హోటలు లాండ్రీలో ఎక్కువిస్తారని చెప్పకుండా వెళ్ళిపోయాడు. పెళ్ళిళ్ళ రోజులు, రైళ్ళన్నీ కిటకిట. మిషను ఆగితే సాయంత్రం బండ్లకి దుప్పట్లు అందవు. మేనేజరు ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. దీదీ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నేను చూస్తాను సాబ్," అంది.

"నీకొచ్చా?"

"నాలుగేళ్ళు ఎదురుగానే నిలబడ్డాను కదా."

వచ్చు. ఆ మనిషికంటే బాగా వచ్చు. దుప్పటిని చేతి వెనకవైపుతో తాకి, తడి ఎక్కువుంటే వెనక్కి పంపించేసేది. అంచులు సరిచేసి పెట్టడంలో ఒక్క దుప్పటి వంకర పోయేది కాదు. రోలర్ తిప్పే పట్టీ చప్పుడు మారితే ముందే మిషను ఆపేసేది. దుప్పటి రోలరుకి చుట్టుకుపోతే తియ్యడానికి పాత మనిషి గంట తీసుకునేవాడు. ఆమె దాన్ని చుట్టుకోనిచ్చేదే కాదు. మొదటి నెలలో ముంజేతుల మీద నాలుగైదు చోట్ల కాలింది. నా బల్ల సొరుగులో ఉన్న బర్నాల్ ట్యూబు అయిపోయింది. ఇంకొకటి కొన్నాను. నేను ఆమెకి చేసిందల్లా అంతే.

"వేరే మనిషి దొరికేదాకా," అన్నాడు మేనేజరు. ఏడు నెలలు దొరకలేదు. దొరకలేదో, వెతకలేదో. ఆ ఏడు నెలలూ నేను ఆమె పేరు పక్కన హెల్పర్ అనే రాశాను. చేతికి అలవాటైపోయింది.

తర్వాత దగ్గర్లోనే ఉన్న కోటా అనే ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి. అక్కడ రైస్‌మిల్లు మూతపడితే ఇక్కడికి రోజూ పొద్దున ప్యాసింజరులో వచ్చి వెళ్ళేవాడు. ఇద్దరు ఆడపిల్లలు. నెమ్మదైనవాడు. రోలర్ అంటే భయపడేవాడు. దీదీ పక్కన నిలబెట్టుకుని మూడు వారాలు నేర్పింది. నేర్చుకున్నాక కూడా, దుప్పటికి అటు మూల ఆమె పట్టుకుంటేనే ఇతను ఇటు మూల పట్టుకునేవాడు.

జీతాలిచ్చిన రోజు భోజనాల వేళ అతను తన చీటీ పట్టుకుని దీదీ దగ్గరికెళ్ళాడు. పీఎఫ్ కోత ఏమిటో అతనికి అర్థం కాలేదు. "ఇక్కడ ఏం పట్టుకున్నారు దీదీ, చూడు," అన్నాడు. ఆమె కోత చూడలేదు. దాని పైనున్న జీతం అంకె చూసింది.

కాసేపటికి నా బల్ల దగ్గరికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడుతుంది, నేను హిందీలో.

"మేడమ్, నా పేరు పక్కన ఏం రాసుంది?"

"హెల్పర్."

"కోటా ఆయన పేరు పక్కన?"

"ఆపరేటర్."

ఆమె రోలర్ వైపు చూసింది. మళ్ళీ నావైపు చూసింది.

"అది ఎవరు రాస్తారు?"

మేనేజరు చెప్తారు, కంపెనీ పంపిస్తుంది, పాత షీటులో అలాగే ఉంది... ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. కానీ ఆమె అడిగింది ఎవరు రాస్తారని.

"నేనే రాస్తాను దీదీ," అన్నాను.

అచ్ఛా, అంది. కోపమేమీ చూపించలేదు. గంట కొట్టగానే రోలర్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విడిచి గోడకానుకుని కూర్చుండిపోయాను. అమ్మ మా దగ్గరే ఉంటుంది. చేటలో బియ్యం ఏరుతోంది.

"ఏటే, అలగున్నావు? ఒంట్లో బాగులేదేటి?"

చెప్పాను. దీదీ సంగతి చెప్తూ చెప్తూ నా సంగతి కూడా చెప్పేశాను, బీరువాలో చీటీలూ మూడు వేలూ. గుమ్మంలో కాలు చాపుకుని కూర్చున్న మా ఆయన కూడా విన్నాడు. అతను ఏమీ అనకపోవడమే ఆ రోజుకి నాకు కావలసింది.

అమ్మ ఏరడం ఆపలేదు. "మా ఊర్లో ఉడుపులప్పుడు పొద్దల్లా వంగున్నోళ్ళం మేమే. గట్టు మీంచి నారు కట్టలు ఇసిరినోడికి ఎక్కువిచ్చేవోరు. మాకు తక్కువ."

"మరి అడగలేదేమమ్మా?"

"అడగాలని తెలిస్తే కదే. మగోడికి ఎక్కువిత్తారు, అంతే. అదేదో ఆకాశం మీంచొచ్చినట్టే అనుకున్నాం." ఒక రాయి ఏరి పారేసి, "నీకు తెలిసింది కదా మరి," అంది.

ఆరేళ్ళుగా తెలుసు నాకు. అమ్మ పొడుద్దామని అన్న మాట కాదది. అయినా గుచ్చుకుంది.

తర్వాతి నెల షీటులో దీదీ పేరు పక్కన ఆపరేటర్ అని రాశాను. సంతకానికి మేనేజరు ముందు పెట్టాను. ఆయన చెడ్డ మనిషేమీ కాదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే సెలవిచ్చేవాడు. పైనుంచి వచ్చే ఫోన్లకి మాత్రం చాలా భయపడేవాడు. దీదీ పేరు దగ్గర వేలు పెట్టాడు.

"మేడమ్, ఇది పొరపాటున పడిందా?"

"పొరపాటు కాదు సార్. రోలర్ నడిపేది ఆమే కదా."

"ఆడవాళ్ళతో మిషను నడిపిస్తున్నామని పైకి తెలిస్తే సేఫ్టీ అంటారు."

"ఎనిమిది నెలల్నించి నడుపుతోంది సార్. అప్పుడు సేఫ్టీ అక్కర్లేదా?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన కలం కింద పెట్టి నావైపు చూశాడు. "ఇవాళ ఆమెకిస్తే రేపు మీరూ అడుగుతారు," అన్నాడు.

అంటే ఆయనకి తెలుసు. నేను బీరువాలో చూశానని కూడా తెలుసేమో. ఇన్నాళ్ళూ నేను మొహమాటపడి దాచుకున్నదాన్ని ఆయన తెలిసీ హాయిగా దాచి ఉంచుకున్నాడు. ఆయన ఆపరేటర్ మీద గీత కొట్టి, హెల్పర్ అని తనే రాసి, సంతకం పెట్టాడు.

దీదీకి చెప్పాను. విన్నది. మర్నాడు పొద్దున వచ్చి రోలర్ దగ్గరికి వెళ్ళలేదు. మాసిన మూటల దగ్గర కూర్చుని విప్పడం మొదలుపెట్టింది. మేనేజరు వచ్చి అడిగితే, "హెల్పరుని సాబ్. హెల్పర్ పని చేస్తున్నాను," అంది. గొంతు పెంచలేదు. మిగతా ఆడవాళ్ళు తలలు వంచుకుని పని చేస్తున్నారు, ఒక్కరూ నవ్వలేదు గాని అందరూ వింటున్నారు.

కోటా ఆయన ఒక్కడూ రోలర్ దగ్గర నానా తంటాలు పడ్డాడు. మొదటిరోజు రెండుసార్లు దుప్పట్లు చుట్టుకుపోయాయి. రెండోరోజు పట్టీ తెగింది. అతన్ని తొందరపెట్టినకొద్దీ అంచులు ఇంకా వంకరగా పెట్టాడు. "దీదీ లేకుండా నావల్ల కాదు సాబ్," అని మేనేజరుకి అందరిముందూ చెప్పేశాడు. ఆ మాట చెప్పడం అతనికి ఎంత కష్టమో నాకు తెలుసు, కొత్త ఉద్యోగం. మూడోరోజు మధ్యాహ్నానికి పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. నాలుగు గంటలకి మేనేజరు నన్ను పిలిచి, షీటు మళ్ళీ తయారుచెయ్యమన్నాడు. చేశాను. ఈసారి కొట్టివేత లేదు.

దీదీ మర్నాడు నాకు తన పెరట్లో పెంచిన తివరా అనే ఆకుకూర ఒక సంచీడు తెచ్చిచ్చింది. అమ్మ చింతపండు వేసి వండింది. ఆ పూట ఇంట్లో అందరం కాస్త ఎక్కువే తిన్నాం.

ఇది ఇక్కడితో ఆపెయ్యగలిగితే బాగుండేది. కానీ జరిగింది చెప్పాలి.

నాలుగు నెలల తర్వాత కాంట్రాక్టు మారింది. కంపెనీ కొత్తది, మనుషులం మేమే, మేనేజరూ ఆయనే. కొత్త జీతాల షీటు కంప్యూటర్లో వచ్చింది. అందులో హెల్పర్ లేదు, ఆపరేటర్ లేదు. అందరి పేర్ల పక్కనా 'లాండ్రీ వర్కర్' అని ఒకటే మాట, ఒకటే రేటు. పాత హెల్పర్ రేటు కంటే పదిహేను రూపాయలు ఎక్కువ. పాత ఆపరేటర్ రేటు కంటే యాభై అయిదు తక్కువ.

"చూశారా మేడమ్, మీరు కోరినట్టే ఆడా మగా సమానం చేసేశారు," అన్నాడు మేనేజరు. నవ్వాడు గాని అందులో సంతోషం లేదు. ఆయన జీతం కూడా కాస్త తగ్గించారని తర్వాత తెలిసింది.

పదమూడు మంది ఆడవాళ్ళకి పదిహేను రూపాయలు పెరిగాయి. సంతోషపడాలో వద్దో వాళ్ళకి తెలియలేదు. తొమ్మిది మంది మగవాళ్ళకి తగ్గింది. దీదీకీ తగ్గింది. ఏడు నెలలు ఊరికే చేసి, మూడు రోజులు మూటల దగ్గర కూర్చుని తెచ్చుకున్నది నాలుగు నెలలు చేతిలో ఉంది.

మూటల బండి తోసే ఆయన ఆడవాళ్ళు భోంచేస్తున్న చోటికొచ్చి, "మీవల్లే," అన్నాడు. "మీ నోటి దురదవల్ల మా పిల్లల తిండి పోయింది." ఆయన తర్వాతి వారం మానేశాడు. ఇంకో ఇద్దరు కూడా మానేశారు. ఉన్నవాళ్ళు ఆడవాళ్ళతో మాటలు తగ్గించారు. ఎండాకాలం మధ్యాహ్నం, బాయిలర్ వేడి, రేకుల వేడి, పైన ఈ మౌనం. సాయంత్రానికి ఒంట్లో సత్తువ మిగిలేది కాదు.

ఆ వారమే నేను నా మాట అడిగాను. ఎందుకు ఆ వారమే అడిగానో తెలియదు. ఇంక దాచుకోవడానికి ఏమీ లేదనిపించిందేమో. "ఆ మూడు వేలు, సార్," అన్నాను. ఏ మూడు వేలని ఆయన అడగలేదు. "అడిగే సమయం ఇదేనా మేడమ్? చేరేటప్పుడే అడగాల్సింది," అన్నాడు. రెండు రోజుల తర్వాత, పైవాళ్ళతో మాట్లాడి అయిదు వందలు పెంచానన్నాడు. నేను థాంక్యూ అన్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కోటా ఆయన ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, దీదీ అడిగింది న్యాయమే. నాకు పని నేర్పిందే ఆమె. నాకంటే ఎక్కువిచ్చినా నేనేం అననని ఇంట్లో కూడా చెప్పాను. కానీ ఆమెకి పెంచమంటే నాది ఎందుకు తగ్గింది?"

మళ్ళీ అతనే అన్నాడు, లేబర్ ఆఫీసుకి కాగితం రాసిస్తారా అని. రాయడం నాకు వచ్చిన పని కదా. రెండు రోజులు కూర్చుని హిందీలో రాశాను. ఎవరెవరు ఏ పని చేస్తున్నారో, ఏ పేరుతో చేస్తున్నారో వరసగా రాశాను. నా పేరు కూడా అందులో పెట్టాను. పెట్టేముందు మా ఆయన్ని అడిగాను. "పెట్టు," అన్నాడు. "నేను ఆటో అయినా నేర్చుకుంటాను." రాడ్లు వేసిన కాలితో ఆటో ఎలా నడుపుతాడో నేనడగలేదు.

పదకొండు మంది సంతకాలు పెట్టారు. ఏడుగురు ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు. మిగతావాళ్ళు భయపడ్డారు. వాళ్ళని నేనేమీ అనలేను. ఆరేళ్ళు భయపడినదాన్ని.

లేబర్ ఆఫీసులో విచారణకి వేసిన మొదటి తారీఖుకి కంపెనీ మనిషి రాలేదు. రెండో తారీఖుకీ రాలేదు. మూడోసారి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. మా తరఫున దీదీ, కోటా ఆయన, నేను వెళ్ళాం. ఆ రోజుకి ముగ్గురికీ జీతం ఉండదు. ఆఫీసరు ఫైలు తిరగేసి, "ఇప్పుడు ఆడా మగా ఇద్దరికీ ఒకటే ఇస్తున్నారు కదా, మరి ఇంకా ఫిర్యాదేమిటి?" అని అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు.

నేను చెప్పబోయాను. దీదీ ముందే అందుకుంది.

"సాబ్, నాది అతని దగ్గరికి తెమ్మన్నాం. అతన్ని నా దగ్గరికి దించమనలేదు."

ఆఫీసరు అది కాగితం మీద రాసుకున్నాడు. కంపెనీ మనిషి జవాబివ్వడానికి గడువు అడిగాడు. ఇచ్చారు. ఇంకో తారీఖు వేశారు. అది ఇంకా నడుస్తూనే ఉంది. ఏమవుతుందో నాకు తెలియదు. మా ముగ్గురి ఉద్యోగాలూ ఇంకా ఉన్నాయి, అది నేననుకోనిది. దీదీ రోలర్ నడుపుతూనే ఉంది.

ఆ రోజు బయటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కోటా ఆయన తన రైలుకి పరిగెత్తాడు. మేమిద్దరం షేర్ ఆటో ఎక్కాం. ఎక్కిన అయిదు నిమిషాలకే దీదీ కమ్మీకి తల ఆనించి నిద్రపోయింది. గతుకుల్లో తల కొట్టుకుంటున్నా మెలకువ రాలేదు. అంత గాఢంగా పడుకునే మనిషని నాకు తెలియదు. లింగియాడీహ్ మలుపు దగ్గర ఆటో ఆగింది. వెంటనే లేపబుద్ధి కాలేదు. ఆటో ఆయన రెండుసార్లు హారన్ కొట్టి, "దిగేదెవరు?" అని విసుక్కున్నాక, భుజం తట్టి లేపాను.